లోన్ ఇప్పించే మనిషి

పదివేలు ముందిస్తే తప్ప ఫైలు ముట్టుకోనన్నాడు ఆ లోన్ ఏజెంటు. ఇంటి కాగితాలు అడగలేదు, జీతమెంతో అడగలేదు. వారంలో లోన్ చేతికొస్తుందని మాత్రం బల్ల మీద చరిచి మరీ చెప్పాడు. బలరాం జేబులో చెయ్యి పెట్టబోతుంటే, పక్కన కూర్చున్న సోని మొగుడి మోచెయ్యి పట్టుకుని లేపింది.

“కాగితాలే చూడనోడు లోన్ ఎట్ల ఇప్పిస్తడు?” అంది మెట్లు దిగుతూ.

బలరాంకి చిరాకేసింది. ములకలపల్లి దగ్గరి తండా నుంచి పేపరు మిల్లు ఉద్యోగానికొచ్చి, సారపాకలో కిరాయికి ఉంటున్నాడు. అక్కడే ఒక ఇల్లు చూసుకుని రెండు లక్షలు బయానా ఇచ్చేశాడు. నెలాఖరుకల్లా మిగతాది కట్టకపోతే ఆ బయానా పోయినట్టే. బ్యాంకుకు మూడుసార్లు తిరిగితే మూడుసార్లూ ఏదో ఒక కాగితం తక్కువైందన్నారు. దారి తెలిసిన మనిషి లేనిదే ఈ పని కాదని అతనికి అర్థమైంది.

మిల్లులో లోన్ తీసుకుని ఇల్లు కొన్నవాళ్లను ఒక్కొక్కరినే అడిగాడు. నలుగురిలో ముగ్గురు భద్రాచలంలోని సాహిత్య హోమ్ లోన్స్ పేరే చెప్పారు. ఆఫీసు నడిపే అక్క ఉన్నదున్నట్టు చెబుతుందన్నారు.

మర్నాడు పొద్దున ఇద్దరూ గోదావరి వంతెన దాటి వెళ్లారు. సాహిత్య ఆ ఆఫీసు నడిపే అక్క కూతురి పేరట. అక్కకు నలభై ఐదేళ్లుంటాయి. ఫీజు సంగతి సోనియే అడిగింది. లోన్ మంజూరయ్యాక బ్యాంకే తనకు కమీషన్ ఇస్తుందనీ, వాళ్లు పైసా ఇవ్వక్కర్లేదనీ ఆమె చెప్పింది. జీతం చీటీలు చూసి, వీటికి లోన్ తప్పకుండా వస్తుందంది. బలరాం గుండె తేలికపడింది.

“ఇంటి కాగితాలు ఇయ్యి తమ్ముడూ.”

మొదటి కాగితం చూడగానే ఆమె కళ్లజోడు సవరించుకుంది. మిగతావి నెమ్మదిగా తిప్పి, చివరిదాని దగ్గర ఆగిపోయింది. అమ్మేవాళ్లెవరని అడిగింది, పేరు అందులోనే ఉన్నా. బాబూరావు అనే ఆయన అమ్ముతున్నాడనీ, తండ్రి పోయాక ఇల్లు అన్నాచెల్లెళ్లిద్దరికీ వచ్చిందనీ, చెల్లెలు ప్రమీల తన వాటా వద్దని సంతకం పెట్టి ఇచ్చిందనీ బలరాం చెప్పాడు.

ఆమె కాగితాలు మడిచి అతని చేతికిచ్చేసింది.

“ఈ ఇల్లు కొనకు తమ్ముడూ. చెల్లె సంతకం దొంగది. జల్దీ పోయి బయానా వాపస్ అడుగు. ఇయ్యనంటే నేనే వచ్చి ఇప్పిస్త. వేరే ఇల్లు చూస్కో, లోన్ పని నేను చేస్త.”

బలరాం సోని వంక చూశాడు. సోని ఆమె వంకే చూస్తోంది. ఈ ఇల్లు ఇంకెవరికైనా ఇప్పించాలని ఎత్తు వేస్తోందేమోనని అతనికి అనుమానం కలిగింది.

“చూడంగనే దొంగ సంతకమని ఎట్ల చెప్తరక్కా? ఆ ప్రమీల సంతకం మీరు ఎప్పుడన్న చూసిన్రా?”

ఆమె తెల్ల కాగితం లాక్కుని, నింపాదిగా ఒక సంతకం చేసి అతని ముందుకు జరిపింది.

“రోజూ చూస్త తమ్ముడూ. ఆ ప్రమీలను నేనే.”