పెంటప్ప సంతకం

"ముందు మూతి మీది గుడ్డ తీయ్. ముఖం చూపకుంట మాట్లాడేటోళ్ళను నేను నమ్మ," అన్నాడు పెంటప్ప.

స్కూటీ దిగిన అమ్మాయి స్కార్ఫును గడ్డం కిందికి లాక్కుని నవ్వింది. పేరు ప్రాజక్త. నీలం నగర్ వెనకున్న పార్కు తరఫున వచ్చింది. మరాఠీ ఊరైనా తెలుగు పిల్లే. పార్కువాళ్ళు ఏరికోరి తెలుగు పిల్లను పంపారంటేనే ఇందులో ఏదో మతలబు ఉందని పెంటప్ప అనుమానం.

ఆ పార్కులో ఇన్నాళ్ళూ నీళ్ళ జారుడుబండలు, పిల్లల రైలు ఉండేవి. ఇప్పుడు 'సినిమా లోకం' అని కొత్త భాగం కట్టారు. అందులో కార్లు పేలతాయి. దయ్యాల బంగళాలో కేకలు వినిపిస్తాయి. హీరో మేడ మీంచి దూకుతాడు. రోజుకు అయిదు ఆటలు. పిల్లల పార్కుకు ఇవన్నీ నప్పుతాయా, పక్కనున్న నేతగాళ్ళ వాడకు సరిపడతాయా అని అధికారులు అడ్డుపుల్ల వేశారు. వీధికొక పెద్దమనిషి చప్పుడు పరీక్షించి, ఇబ్బంది లేదని సంతకం పెడితేనే తలుపులు తెరుచుకుంటాయి.

ఈ వీధికి పార్కువాళ్ళు పెంటప్పనే అడిగారు. వీధివాళ్ళు నిశ్చింతగా ఒప్పుకున్నారు. కూరగాయల బండివాడి తక్కెడను కూడా నమ్మని మనిషి పార్కువాళ్ళ బుట్టలో పడతాడా?

పెంటప్పకు మాత్రం ఇది ఒక్క వీధి సంగతి కాదు. కూతురు అనూషకు ఏడో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. నెలన్నరగా ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంది. భార్య మల్లమ్మ కూడా కూతురితో అక్కడే ఉంటోంది. పిల్ల ఉలిక్కిపడితే ఊపిరి తప్పుతోందట. సోమవారం ఇంటికి పంపుతామన్నారు.

నిన్న అనూష వీడియో కాల్ చేసింది. మామూలు ఫోను పెంటప్ప ఎత్తడు.

"బాపూ, నువ్వు సరే అంటెనే పిల్లను ఆడికి తీస్కొస్త. లేకుంటె అత్తగారింటికే పోత," అంది.

ఆ సంగతంతా ఆయన ప్రాజక్తకు చెప్పాడు.

"మరి సాంచాల మోతకు పిల్ల లేవదా తాతా?" అని అడిగింది ప్రాజక్త.

"పవర్లూమ్ మోత ఒక్క తీరుగ ఉంటది. మా పిల్లలకు తల్లి కడుపుల ఉన్నప్పటి సంది అది అలవాటే. బాంబు అట్ల కాదు గద. చెప్పకుంట పేల్తది."

పరీక్షకు రోజు నిర్ణయించింది కూడా ఆయనే. రాఖీ పున్నమ. మార్కండేయ స్వామి రథం వెళ్ళే రోజు. ఆ రోజు వాడలో ఒక్క సాంచా కూడా ఆడదు. వేరే రోజైతే సాంచాల మోత చాటున పార్కువాళ్ళు తప్పించుకుంటారని ఆయన లెక్క. ఇవాళ వీధి వీధంతా రథం వెంట పోయింది. ఇంటి ముందు మిగిలింది వీళ్ళిద్దరే.

"ఆవాజ్ తక్కువ పెట్టి నన్ను ఫసాయిస్తరా?"

"లేదు తాతా. ఫుల్ పెడ్తరు. షురూ చేయమంటవా?"

పెంటప్ప ఇంట్లోంచి గోడ గడియారం తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె ఫోనులోని టైము మీద ఆయనకు నమ్మకం లేదు. తర్వాత కుడి అరచేతిని గోడకు ఆనించాడు. అది నలభై ఏళ్ళు సాంచాలు నడిపిన చెయ్యి. ఏ సాంచాకు ఏం జబ్బు చేసిందో గోడను ముట్టుకుని చెప్పేవాడు. మనుషులు అబద్ధమాడతారు కానీ గోడ ఆడదని ఆయన గట్టి నమ్మకం.

గోడలో చలనం లేదు.

ఎదురింటి మిద్దె మీది పావురాలు ఒక్కసారిగా లేచాయి. పెంటప్ప చురుక్కున ప్రాజక్త వంక చూశాడు.

"రాయి ఏసినవా?"

ఆమె రెండు చేతులూ తెరిచి చూపించింది. ఖాళీగానే ఉన్నాయి. ఇంతలో వీధికుక్క తోక ముడుచుకుని సందులోకి దూరింది. కొత్త మనిషిని చూసి జడుసుకుని ఉంటుందిలే అనుకున్నాడు.

పావుగంట గడిచింది.

"ఇంక షురూ కాలేదా?"

"అయిపోయింది తాతా."

"ఒట్టిమాట. నడిపిచ్చిండ్రో లేదో నాకెట్ల తెల్వాలె? మళ్ళ నడిపియ్. ఈసారి నా కండ్లతోని చూస్త."

ఆమె విసుక్కోలేదు. ఫోను చేసి మళ్ళీ మొదలుపెట్టించింది. పెంటప్ప మిద్దె ఎక్కాడు. ప్రహరీ అవతల కారు గాల్లోకి లేచి పల్టీ కొట్టింది. మంట లేచింది. పొగ కమ్ముకుంది. బంగళా కిటికీలోంచి తెల్లచీర కట్టుకున్న మనిషి తల బయటపెట్టి నోరంతా తెరిచింది. పిట్టగోడ మీద పెంటప్ప అరచెయ్యి కదలకుండా అలాగే ఉంది. చేతికి ఏమీ తగల్లేదు.

ఆయన మనసు దూదిపింజలా తేలికైంది. మనవరాలు కళ్ళ ముందు మెదిలింది.

కిందికి దిగాక కాగితాన్ని మూడుసార్లు చదివాడు. మరాఠీ మాటలకు ఒక్కొక్కదానికీ అర్థం చెప్పించుకున్నాడు. ఖాళీ జాగాలో తర్వాత ఎవరూ ఏమీ రాయకుండా అడ్డగీతలు కొట్టాడు. అప్పుడు గానీ సంతకం పెట్టలేదు.

"అనుమానపడ్డ గని, మీ పార్కుకు మంచిగనే ఒప్పింది," అన్నాడు.

వెంటనే అనూషకు వీడియో కాల్ చేశాడు. "తీస్కరా బిడ్డా. పిల్ల హాయిగ పండుకుంటది."

వీధి మలుపు దాటాక ప్రాజక్త స్కూటీ ఆపి, పోయిన నెల పార్కువాళ్ళు పెట్టిన ఉచిత వైద్య శిబిరంలో చెవులు బొత్తిగా వినపడవని తేలిన తొమ్మిదిమంది ముసలివాళ్ళ జాబితాలో పెంటప్ప పేరు పక్కన టిక్కు పెట్టుకుని, తన చెవుల్లో కుక్కుకున్న దూది బయటికి తీసింది.