ఊరి పేరు లేని మిషను

"పేరు దగ్గర ఏం కొట్టినావో గట్టిగా చదువప్పా," అన్నాడు ఎస్సై సిరాజుద్దీన్.

"నలభై ఏడు సార్. అంతే," అన్నాడు ప్రభాకర్ తలెత్తకుండా.

వీడియో కాన్ఫరెన్సు నెట్‌వర్కులో ఏ మిషను చేరాలన్నా ముందు దాన్నొక పేరుతో నమోదు చెయ్యాలి. ఆ పేరే అవతలి తెర మీద పడుతుంది. కోర్టులకు ఈ మిషన్లు బిగించే ప్రభాకర్ ఆఫీసులో మొదట్నుంచీ ఒకటే అలవాటు, ఏ ఊళ్లో పెట్టిన మిషనుకు ఆ ఊరి పేరే. పోయిన నెల సాక్షిని దాచిన చోట కూడా చెయ్యి తిరిగిన అలవాటు కొద్దీ 'వేంపల్లె' అని కొట్టేశాడు. ప్రొద్దుటూరు కోర్టులో తెర వెలగగానే జడ్జిగారితో పాటు ముద్దాయిలూ, వెనక బెంచీల్లో వాళ్ల మనుషులూ ఆ పేరు చదువుకున్నారు. విచారణ ఆగిపోయింది. గంటలోపే రెండు సుమోలు వేంపల్లె సందులన్నీ జల్లెడ పట్టాయి. పోలీసులు సాక్షిని టమాటా బుట్టల ఆటోలో పడుకోబెట్టి ఊరు దాటించారు.

ఆ సాక్షి సారమ్మ. ఆమె మొగుడు ఆనందయ్య పార్టీ ఏజెంటుగా పోలింగు బూత్‌లో కూర్చున్నందుకు, మర్నాడు పట్టపగలు జమ్మలమడుగు చర్చి మెట్ల మీద అతన్ని నరికేశారు. అప్పుడు చూసినవాళ్లలో ఒక్కొక్కరూ మాట మార్చుకుంటూ పోగా, కేసుకు మిగిలింది ఆమె ఒక్కతే.

ఈసారి ఖాజీపేటలో ఒక గది తీసుకున్నారు. నన్ను పంపొద్దని ప్రభాకర్ ఆఫీసరును కాళ్లావేళ్లా పడి బతిమాలాడు. చెయ్యి కాలినవాడే నిప్పు దగ్గర జాగ్రత్తగా ఉంటాడని ఆయన వినలేదు. ప్రభాకర్ కావాలనే ఊరి పేరు బయటపెట్టాడని కొందరు అనుకుంటున్న సంగతి ఆయన దాకా పోలేదు.

సారమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆమెదీ ప్రభాకర్‌దీ ఒకే వీధి, ఒకే చర్చి. ఆమె చీర చెంగుకు మైకు తగిలించాల్సి ఉంటే తప్పేదే కాదు గానీ, అది బల్ల మీద ఉండబట్టి ఆమె మొహం చూడకుండా బతికిపోయాడు. భూమి చీలితే దూరిపోదామన్నంత సిగ్గుగా ఉంది.

"అత్తా, నన్ను తిట్టు. నాలుగు తన్నినా పడతా," అన్నాడు గొంతు తగ్గించి.

"తిడితే నాకేమొస్తాది ప్రభాకరూ? ఇద్దరు ఆడబిడ్డలుండారు నీకు. భయం ఎవరికి లేదు?"

"నేను కావాలని చెయ్యలేదత్తా. ఈ మిషను పేరు..."

"మిషను సంగతి నాకు తెల్దులే నాయనా," అని ఆమె చెంగు సర్దుకుంది.

తెర వెలిగింది. ప్రొద్దుటూరులో ఎవరూ ఏ ఊరి పేరూ చదువుకోలేకపోయారు. సారమ్మ తడబడకుండా చెప్పింది, ఎవరెవరు వచ్చారో, ఎవరి చేతిలో ఏముందో. ముద్దాయిల వకీలు అంతా విని నింపాదిగా లేచాడు.

"పట్టపగలు, చర్చి మెట్ల మీద. నువ్వొక్కదానివే చూశానంటే కోర్టు ఎలా నమ్ముతుందమ్మా? ఆయన పడిపోయినప్పుడు పక్కన ఇంకెవరైనా ఉంటే పేరు చెప్పు."

ప్రభుత్వ వకీలు ముందుకు వంగాడు. ఇంకొక్క పేరు దొరికితే కేసు నిలబడుతుంది, లేకపోతే ఆనందయ్యను చంపినవాళ్లు దండలతో ఊరేగుతారు. ఆ సంగతి సారమ్మకూ తెలుసు. ఆమె కెమెరా మీదుగా చూపెత్తింది. అక్కడ, తెరలో కనబడనంత పక్కకు జరిగి, ప్రభాకర్ కూర్చుని ఉన్నాడు. అతను వైర్లు చూసుకుంటున్నాడు.

ఆమె చూపు మళ్లీ తెర మీదికి తిప్పుకుంది.

"ఎవురూ లేరు సామీ. నేనొక్కదాన్నే," అంది.

వకీలు నవ్వి కూర్చున్నాడు. ప్రభుత్వ వకీలు ఫైలు మూసేశాడు. మిషను ఆపమని సిరాజుద్దీన్ రెండుసార్లు చెప్పినా ప్రభాకర్ కదల్లేదు.

ఆ రోజు చర్చి మెట్ల మీద ఆనందయ్య ప్రాణం పోయింది అతని ఒడిలోనే.