కోట్ల గది

"నువ్విక్కడికి ఎప్పుడూ రాలేదు. అంతేనా?" కోటు విప్పుతూ అడిగింది కొరిన్.

"నువ్వు అడగడం ఇది పదకొండోసారి. రాలేదు," అన్నాడు ఆమె భర్త డెస్మండ్. "నువ్వో?"

"నేనా? ఇదే మొదలు."

లార్క్‌మియర్ రెస్టారెంట్ గుమ్మం పక్కన, వచ్చినవాళ్ళ కోట్లు దాచే గదిలోంచి బెర్నిస్ అనే నెరిసిన జుట్టావిడ చేతులు చాపింది. కొరిన్ ఒంటె రంగు కోటునీ, డెస్మండ్ నల్లకోటునీ, ఇద్దరి గ్లవ్స్‌నీ అందుకుంది. ఎవరి ముఖమూ చూడలేదు. షికాగోలో అంత ఖరీదైన చోట, ముఖాలు చూడకపోవడం కూడా ఉద్యోగంలో భాగమే.

పోయిన నెల స్నేహితురాలు ట్రిష్ ఫోన్ చేసి, డెస్మండ్‌ని ఎవరితోనో ఇక్కడ చూశానని కొరిన్ చెవిన వేసింది. నీకు చెప్పకుండా ఉండలేకపోయానే అని నిట్టూర్చింది కూడా. ఆ ట్రిష్షే వాళ్ళ ఇరవయ్యో పెళ్ళిరోజుకి కానుకగా, ఇదే చోట ఇద్దరికీ మధ్యాహ్న భోజనం ఏర్పాటు చేసింది. వద్దనడానికి పైకి చెప్పుకోదగ్గ కారణం మొగుడూపెళ్ళాల్లో ఎవరికీ దొరకలేదు.

"ముందే చెప్తున్నా," అంది కొరిన్ గొంతు తగ్గించి. "ఇవాళ నీ అబద్ధం బయటపడిందా, ఇంటికి వేరే కారులో వెళ్తాను. ఆ తర్వాత నీతో మాట్లాడేది నా లాయరే."

"బయటపడకపోతే?"

"క్షమాపణ చెప్తాను."

"ఇరవయ్యేళ్ళలో మొదటిసారి. దానికోసమైనా భోంచెయ్యాల్సిందే."

హెడ్ వెయిటర్ అర్మాన్ ఎదురొచ్చాడు. కొరిన్ కళ్ళు అతని ముఖానికి అతుక్కుపోయాయి. ఆ ముఖంలో పరిచయం జాడ కాస్త కనిపించినా చాలు, విందు అక్కడితో సరి. కానీ ఆ ముఖం ఇస్త్రీ చేసిన టేబుల్ గుడ్డలా ఉంది. డెస్మండ్‌ని చూసి ఎంత నవ్వాడో, కొరిన్‌ని చూసీ అంతే నవ్వాడు, గిన్నెతో కొలిచి పోసినట్టు.

కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు. అవతల బార్ పొడవునా కంపెనీల పెద్దలూ, వాళ్ళ రెండో భార్యలూ, మూడో భార్యలు కాబోయేవాళ్ళూ ఎవరినీ చూడనట్టే అందర్నీ చూస్తున్నారు.

డెస్మండ్ చేతులు కడుక్కొస్తానని లేచి, బార్ చివరున్న తెర వెనక్కి తిన్నగా వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి కొరిన్ సిద్ధంగా ఉంది.

"బాత్రూమ్ ఎక్కడని ఎవర్నీ అడగలేదే?"

"ముందొక పెద్దాయన వెళ్తుంటే వెనకాలే వెళ్ళాను."

"ఆయన తిరిగి రాలేదు."

"పెద్దాయన కదా. టైం పడుతుంది."

కొరిన్ మెనూ అందుకుని తిన్నగా చివరి పేజీకి తిప్పింది. ఈసారి డెస్మండ్ కళ్ళు చిన్నవయ్యాయి. స్వీట్లు చివరి పేజీలో ఉంటాయని నీకెలా తెలుసన్నాడు.

"నేను నవలలే చివరి పేజీ నుంచి చదువుతాను. తెలీనట్టు అడుగుతావేం?"

అది నిజమే. ఆయిస్టర్ గుల్లలు రాగానే అతను వాటి మీద నిమ్మకాయ పిండుకున్నాడు.

భోజనం మధ్యలో అతనికి ఫోనొచ్చి పక్కకి వెళ్ళాడు. కొరిన్ వెంటనే అర్మాన్‌ని పిలిచింది. "మావారికి మార్టీనీ ఎలా కలపాలో మీకు తెలిసే ఉంటుంది," అంది, ఏమీ ఎరగనట్టు.

"తెలుసుకునే భాగ్యం ఇవాళ కలుగుతోంది మేడమ్," అన్నాడు అర్మాన్.

తర్వాత ఆమె లిప్‌స్టిక్ సరిచేసుకోవడానికి లేచి వెళ్ళినప్పుడు డెస్మండ్ కూడా అతన్ని పిలిచి, మా ఆవిడకి చేప ఎలా వేయించాలో మీకు తెలుసనుకుంటానన్నాడు. అతనికీ అదే భాగ్యం, అదే కొలతలో దొరికింది.

బాతు మాంసం ప్లేట్లు ఖాళీ అయ్యేసరికి కొరిన్ బిగువు సడలింది. రెండు గంటల్లో ఒక్క పలకరింపు జారలేదు, ఒక్క కనుసైగ దొర్లలేదు. ఆమె టేబుల్ మీదుగా చెయ్యి చాపి అతని చెయ్యి పట్టుకుంది.

"సరే. నాదే తప్పు. క్షమించు."

"ట్రిష్‌ని కళ్ళజోడు మార్చుకోమను," అన్నాడు డెస్మండ్. అతని ఊపిరి కూడా అప్పుడే తేలికపడింది. ఇద్దరూ నవ్వుకుంటూ లేచారు.

కోట్ల గది దగ్గర వాళ్ళకంటే ముందు అయోవా రాష్ట్రం నుంచి వచ్చిన ముసలి దంపతులు నిలబడి ఉన్నారు. బెర్నిస్ వాళ్ళ కోట్లు తెచ్చిచ్చి, వెనక అల్మరా తెరిచి, పసుపు రిబ్బన్ కట్టిన చిన్న సీసాలు రెండు తీసి చెరొకటి అందించింది. మొదటిసారి వచ్చినవాళ్ళకి మనిషికొకటి చొప్పున తమ వంటింట్లోనే చేసిన పీచ్ పళ్ళ జామ్ ఇచ్చి పంపడం లార్క్‌మియర్ ఆనవాయితీ అని చెప్పింది.

ముసలావిడ మురిసిపోయింది. "మేం కొత్తవాళ్ళమని నీకెలా తెలిసిందమ్మా?"

"కోట్లని చూసి. ముఖాలు గుర్తుపెట్టుకోకూడదని ఇక్కడ మాకు గట్టి కట్టడి. కోట్ల సంగతి ఎవరూ చెప్పలేదు," అంది బెర్నిస్. "నా చేత్తో ఒకసారి తగిలించిన కోటుని మాత్రం నేను మరిచిపోను."

ముసలి దంపతులు సీసాలు గుండెకి హత్తుకుని వెళ్ళిపోయారు.

అల్మరా తెరిచే ఉంది. అందులో ఇంకా బోలెడు సీసాలున్నాయి.

కొరిన్ సీసా కోసం మెల్లగా చెయ్యి చాపింది. ఒక్క క్షణం ఆగి డెస్మండ్ కూడా చాపాడు. ఎవరి చేతిని వాళ్ళు చూసుకోవడం లేదు, అవతలివాళ్ళ చేతినే చూస్తున్నారు.

బెర్నిస్ ఒంటె రంగు కోటు ఆమెకి తొడిగింది. నల్లకోటు అతనికి తొడిగింది. చాపిన చేతుల్లో ఎవరి గ్లవ్స్ వాళ్ళకి పెట్టి, వెనక్కి తిరిగి అల్మరా తలుపు మూసేసింది.