జవానుకి ముప్పై అయిదు నిమిషాలు

"మీ కుక్క నమిలే రకమా, నాకే రకమా?" అని అడిగింది దుకాణం ఆవిడ.

కొనడానికి వచ్చినామె చంకలో పాపని ఈ పక్కనుంచి ఆ పక్కకి మార్చుకుంది. పది నెలల పిల్ల. అరల్లో కనిపించిన ప్రతి బొమ్మకీ చేతులు చాపుతోంది.

"తెలీదండీ. మొరిగే రకం."

దుకాణం ఆవిడ నవ్వింది. ఆమెకి నవ్వాలని తోచలేదు. అద్దంలోంచి ఎదురుగా బస్టాండు కనిపిస్తోంది. ఇంటినుంచి ఇక్కడిదాకా నడిస్తే అరగంట.

"కుక్కకి కాళ్ళకన్నా బుర్రకి పని కావాలమ్మాయ్. బుర్ర ఖాళీగా ఉంటేనే నోరు లేస్తుంది. మనుషులకి మల్లేనే!" ఆవిడ మూడు వస్తువులు తెచ్చి బల్లమీద పెట్టింది. "ఈ బంతి దొర్లిస్తే చిల్లులోంచి ఒక్కో గింజా రాలుతుంది. ఈ చెక్క పలక మీది మూతలు జరిపితే కింద తిండి. ఇది రబ్బరు బుడ్డి. లోపల మెత్తటి తిండి కూరితే నాకి నాకి తీసుకోవాలి. ఇంతకీ ఎంతసేపు కావాలి నీకు?"

"ముప్పై అయిదు నిమిషాలు."

"అబ్బో, అంత లెక్కగానా!"

"మావారిది రాత్రి డ్యూటీ అండీ. పగలు పడుకుంటారు. మొదటి నిద్రలో లేపితే ఇక ఆ రోజు మనిషి మనిషిలా ఉండరు."

"మా ఆయనా అంతే. నిద్ర చెడిందా, నిప్పు తొక్కిన కోతే." ఆవిడ చూపు ఆమె మణికట్టు మీది గుడ్డకట్టు దగ్గర ఆగింది. "కరుస్తుందా ఏమిటి?"

"జవానా? వాడు ఎవర్నీ కరవడండీ."

ఆవిడ కట్టు మీంచి చూపు తిప్పుకుని వస్తువులన్నీ సంచిలో వేసింది. "మూడూ పట్టుకెళ్ళు. పనికిరానివి కడిగి తిరిగిచ్చేద్దువుగాని" అంది.

ఆమె ఇంటికొచ్చేసరికి భర్త గేటు తీసి గడియారం చూసుకున్నాడు. "ఏడు నిమిషాలు ఎక్కువ" అని నవ్వాడు. "సంచిలో అవేంటే?"

"జవానుకి ఆటవస్తువులండీ. మీ నిద్ర చెడకుండా."

"తొమ్మిదో తరగతి గట్టెక్కని బుర్ర, కుక్క బుర్రకి పని కల్పిస్తుందట! పోన్లే, ఇన్నాళ్ళకి నా కుక్క మీద ప్రేమ పుట్టుకొచ్చింది."

జవాను ఉండేది గేటు పక్కనే. వాడి గూటికి పైన మేకు, మేకుకి గేటు తాళంచెవి. ఆయన తప్ప ఇంకెవరు దాన్ని ముట్టుకున్నా వీధి వీధంతా లేచేలా మొరుగుతాడు. నాలుగు నెలలు బిస్కెట్లు పెట్టి ఆయన నేర్పిన విద్య అది. చుట్టాలొస్తే ముందు అదే ప్రదర్శన. "ముట్టుకో బావా, ముట్టుకుని చూడు!" బావ చెయ్యి ఎత్తగానే జవాను గొంతు చించుకుంటాడు, బావ మూడడుగులు ఎగురుతాడు, అందరూ పగలబడి నవ్వుతారు. "వీడున్నంతకాలం నా కొంపలోంచి చీపురుపుల్ల కూడా బయటికి పోదు" అంటాడు ఆయన.

చిక్కల్లా ఒకటే. గాలికి ఆ తాళంచెవి ఊగినా, గోడమీద పిల్లి నడిచినా జవాను మొరుగుతాడు. ఆ గొంతుకి ఆయన ఎంత నిద్రలో ఉన్నా లేస్తాడు.

సోమవారం బంతి పెట్టింది. అది గచ్చుమీద టకటకా దొర్లింది. ఎనిమిది నిమిషాలకి గింజలైపోయాయి. జవాను మొరిగాడు. ఆయన లేచాడు. సాయంత్రం ఆమె చేతికట్టు మార్చుకుంది.

మంగళవారం పలక. నాలుగు నిమిషాల్లో మూతలన్నీ తీసేసి, ఇంతేనా అన్నట్టు ఆమె మొహంలోకి చూశాడు జవాను. వాడు నోరు తెరిచేలోగా పాప కోసం చేతిలో ఉంచుకున్న బిస్కెట్టు వాడికి పడేసింది.

బుధవారం బుడ్డిలో ఉడకబెట్టిన క్యారెట్టు మెదిపి కూరింది. ఇరవై నిమిషాలు. అదే కూర్పు రాత్రంతా ఫ్రిజ్‌లో గడ్డకట్టించి గురువారం పెట్టింది. నలభై ఒకటి.

శుక్రవారం ముప్పై ఎనిమిది. శనివారం నలభై మూడు. క్యాలెండరు వెనక ఆ అంకెలు వరసగా వేసుకుంది. సంతోషించాల్సిన సంగతేనని ఆమెకి తెలుసు. లోపల మాత్రం ఏమీ కదల్లేదు. బయట వాన పడింది అని రాసుకున్నట్టే ఉంది.

ఆదివారం ఆయన ఐసు కోసం ఫ్రిజ్ తెరిచాడు.

"కుక్కకి ఐస్‌ఫ్రూటా! ఈ ఇంట్లో నాకు చల్లటి నీళ్ళకే దిక్కులేదు."

"మీకు మూడు రోజులుగా నిద్ర బాగా పడుతోంది కదండీ."

"పడుతోందిలే." ఆయన బల్లవైపు చూశాడు. "పాప టీకాల పుస్తకం బయటుందేం?"

"చెమ్మ పట్టిందేమోనని చూశానండీ."

"చూసింది చాలు, లోపల పెట్టు."

"పెడతానండీ" అంది. పెట్టింది కూడా, పాప బట్టల సంచి లోపల.

సోమవారం పొద్దున ఆయన డ్యూటీ నుంచి వచ్చి, తిని, పడుకున్నాడు. ఆమె గిన్నెలు కడిగింది. పాపకి పాలు పట్టి, ఎండ తగలకుండా టోపీ పెట్టింది. గదిలోంచి గురక సాపుగా వినిపించేదాకా ఆగి, బుడ్డి తీసుకెళ్ళి జవాను ముందు పెట్టింది.

వాడు ముందుకాళ్ళ మధ్య దాన్ని ఇరికించుకుని నాలుక లోపలికి పోనిచ్చాడు. ఆమె వాడి తల నిమిరింది. వాడి మీద ఆమెకి కోపం లేదు. నేర్పింది చేశాడు, అంతే.

చంకలో పాపతో, భుజాన ఆ సంచితో ఆమె మేకు మీది తాళంచెవి తీసింది, జవాను తలెత్తలేదు.