నిండని గుంత

పాత వంతెనను మింగి, నదిని అరమైలు పక్కకు నెట్టేసిన వరద తర్వాత ఇరవై రెండో ఏడు అది.

"నీలం వచ్చింది! తాతా, నీలం!" గట్టు మీద పిల్లలు గంతులేశారు.

బజారు కాలువలో తొమ్మిదింటికి పోసిన నీలం రంగు గంటంబావులో నదిలోకి దిగింది. బడి కాలువలో పోసిన ఎరుపు అంతకుముందే వచ్చేసింది. టీచరమ్మ నెల రోజులు నల్లబల్ల మీద గీసి చెప్పినా ఎక్కని పాఠం పిల్లల బుర్రకు ఒక్కపూటలో ఎక్కింది. వీధిలో పారబోసిన నీళ్ళు వీధిలో ఆగిపోవు.

ఆ ఉపాయం కొలబద్ద తాతది. రోజూ పొద్దున ఆరింటికి ఒడ్డునున్న కొలబద్ద చూసి నది మట్టం రాయడం ఆయన ఉద్యోగం. ముప్పై ఏళ్ళలో ఒక్క నాగా లేదు. మాటల దగ్గర మాత్రం మహా పిసినారి.

ఇక రావలసింది ఆకుపచ్చ. పందెమంతా దాని మీదే.

లాండ్రీ యజమాని బడి కమిటీకి పెద్ద. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికిన నీళ్ళన్నీ పెరట్లో గుంతలోకి వదులుతాడు. ఆ గుంత సంగతి పిల్లలు నోట్సులో రాశారని తెలిసి, ముందురోజు బడికొచ్చి టీచరమ్మను అందరి ముందూ నిలదీశాడు.

"నా నీళ్ళు నదిలో కలుస్తున్నాయని పిల్లలకు నూరిపోస్తున్నారట?"

"కలవడం లేదని మీకెలా తెలుసండీ?"

"అయితే పందెం! నా గుంతలో కూడా రంగు పోయండి. సాయంత్రంలోగా నదిలో కనిపిస్తే గుంత పూడ్పించేస్తా. కనిపించలేదా, ఈ నది పాఠాలు బంద్. బుద్ధిగా ఎక్కాలు చెప్పుకోండి."

మర్నాటి రంగుల సంగతి మాట్లాడ్డానికి బడికొచ్చిన తాత వైపు టీచరమ్మ చూసింది. తాత తలూపాడు. ఆవిడా సరేనంది.

ఈ పొద్దున రంగు పోయడానికి వెళ్ళినప్పుడు యజమాని మర్యాదకేం లోటు చేయలేదు. గుంత చూపించి మురిసిపోయాడు.

"తవ్వించి పదేళ్ళు. ఎంత పోసినా తాగేస్తుంది, ఒక్కనాడు నిండితే ఒట్టు! నది వదిలేసి పోయిన నేల కదా, చవగ్గా కొట్టేశా. ఇటు లాండ్రీ, అటు ఇల్లు."

తాత గుంత అంచున గుప్పెడు ఇసుక తీసి, వేళ్ళ సందుల్లోంచి జారనిచ్చాడు. తక్కిన కాలువలకు చెంచాడేసి వేసిన మనిషి, ఇక్కడ ఆకుపచ్చ డబ్బా మొత్తం బోర్లించేశాడు.

"అంతెందుకు బాబాయ్ గారూ?" అంది టీచరమ్మ.

"దారి చీకటమ్మా."

యజమాని పకపకా నవ్వాడు. ఎండన పడి వచ్చారని ఇంటి బావి నీళ్ళు తెప్పించాడు. పిల్లలు తమ నీళ్ళ సీసాలు చూపించారు. తాత వద్దన్నాడు.

"మీకు ప్రాప్తం లేదు," అని యజమాని తనే ఒక గ్లాసు గటగటా తాగేశాడు. "నడి ఎండల్లోనూ ఎండని బావి. నిద్రలేచి నాలుగు గ్లాసులు పడనిదే నాకు పొద్దు గడవదు."

"లోతెంత?" అన్నాడు తాత.

"ఇరవై అడుగులే!"

తాత తల పంకించి, పిల్లల్ని తీసుకుని నది దారి పట్టాడు.

మధ్యాహ్నం దాటింది. మూడయింది. అయిదయింది. నది తన రంగులోనే ఉంది. కళ్ళు కాయలు కాచిన పిల్లలు ఒక్కొక్కరే గట్టు మీద చతికిలబడ్డారు.

"తాతా, ఆకుపచ్చ ఏమైపోయింది?"

"నడుస్తోంది."

యజమాని గొడుగు ఊపుకుంటూ రానే వచ్చాడు.

"ఏదీ నా రంగు? ఎరుపొచ్చె, నీలమొచ్చె, నాది మాత్రం సిగ్గుపడిందా? టీచరమ్మా, రేపు పొద్దున మా ఇంటికొచ్చి పాఠాలు ఆపేస్తున్నట్టు కాగితం మీద సంతకం పెట్టిపోండి."

అతను వెళ్ళాక టీచరమ్మ తాత పక్కన కూలబడింది.

"ఓడిపోయాం బాబాయ్ గారూ. మీ ధీమా చూసే నేను పందెం ఒప్పుకున్నాను."

తాత లేచి పంచె దులుపుకున్నాడు.

"నీళ్ళు ఎక్కడికో అక్కడికి పోవాలి కదమ్మా. పొద్దున పిల్లల్ని కూడా తీసుకురా."

మర్నాడు ఆరింటికి కొలబద్ద దగ్గర ఎవరూ లేరు. ముప్పై ఏళ్ళలో మొదటి నాగా పెట్టి, తాత యజమాని గుమ్మం ముందు కూర్చున్నాడు. టీచరమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. యజమాని ఆవలిస్తూ తలుపు తీసి, కాగితం అరుగు మీద పరిచాడు. ఆవిడ కలం మూత తీసింది.

"దాహమేస్తోంది," అన్నాడు తాత.

"నిన్న ఇస్తే వద్దన్నావుగా ముసలాయనా! సర్లే, బావి అదిగో, తోడుకో. నాకూ ఓ గ్లాసు పట్రా, ఇంకా పొద్దుటి నీళ్ళు పడలేదు."

తాత పెరట్లోకి నడిచి, ఆ రోజుకు మొదటి చేద తనే వేశాడు. గిలక కిర్రుకిర్రుమంది. తొణక్కుండా పైకి లాగి, గాజు గ్లాసు అంచుదాకా నింపి, తెచ్చి యజమాని చేతికిచ్చాడు.

"ముందు మీరు."

గ్లాసులో నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి.