ఏడో నంబరు గిన్నె

ఏడో నంబరు మళ్లీ చావలేదు.

డాక్టర్ రిఫాత్ మైక్రోస్కోపు మీంచి తల ఎత్తాడు. చేతిలో కాగితాన్ని ఉండచుట్టి గోడకేసి కొట్టాడు. కిటికీ బయట అలెగ్జాండ్రియా సముద్రం రాళ్లకేసి కొట్టుకుంటోంది. దానికీ ఏదో కోపమే ఉన్నట్టుంది.

గిన్నెల్లో ఉన్నవి ఆపరేషన్లలో రోగుల మెదళ్ల నుంచి తీసిన గడ్డల ముక్కలు. గులాబీ రంగు నీళ్లు పోసి పెంచితే ఆవగింజంత ఉండలవుతాయి. కొత్త మందు ముందు వాటి మీద పోసి చూడాలి. మనిషి వంతు ఆ తర్వాతే.

పదకొండు మంది గడ్డలు, పదకొండు గిన్నెలు. పదింట్లో రిఫాత్ మందు పడ్డ మూడో రోజుకల్లా ఉండలు నలిపిన రొట్టెముక్కల్లా పొడిపొడిగా రాలిపోయాయి. ఏడోది మాత్రం నున్నగా, గుండ్రంగా కూర్చుని ఎనిమిది నెలలుగా అతని ప్రాణం తోడేస్తోంది.

మోతాదు పెంచాడు. మందు మళ్లీ కాచాడు. ఏడో నంబరు ఎవరిదో తెలిస్తే వయసో, పాత జబ్బో ఏదో ఒక దారి దొరికేది. ఆ దారీ లేదు. ముక్క ఇచ్చిన ఇంటివాళ్ల చేతిలో నంబరు చీటీ పెడతారు, పేరు మాత్రం కవర్లో పెట్టి అతికిస్తారు. పరీక్ష ముగిసేదాకా డాక్టరు ఆ కవరు విప్పకూడదు.

"ఏడో నంబరు నీకు అత్తగారేమైనా అవుతుందా?" ప్రొఫెసర్ షౌకీ గుమ్మంలోంచే అడిగాడు, చేతిలో టీ గ్లాసుతో. "ఏం పోసినా తాగేసి, ఇంకా తెమ్మంటోంది."

"నవ్వకండి సార్. గురువారం కమిటీ."

"తెలుసు. మిగిలిన ఆ ఒక్కదాని సంగతేంటని అడుగుతారు. చెప్పలేకపోతే నీ మందు బీరువాలోకి, నువ్వు మీ ఊరికి." ఒక గుక్క తాగాడు. "అయినా నువ్వు తిట్టుకుంటూ చూస్తావు, ఉమ్ బాసిల్ ముద్దుచేసి పెంచుతుంది. ఎలా చస్తుందయ్యా అది?"

మూల బల్ల దగ్గర ఉమ్ బాసిల్ తల ఎత్తలేదు. గిన్నెల్లో నీళ్లు మారుస్తోంది.

ఆమె అసలు పేరు జీతాల రిజిస్టరుకే తెలుసు. అందరికీ ఆమె ఉమ్ బాసిల్, అంటే బాసిల్ తల్లి. రక్తపరీక్షల గదిలో సుఖమైన కొలువు వదులుకుని, రెండేళ్ల కిందట అడిగి మరీ ఇక్కడికి మార్పించుకుంది. గిన్నెలకి తిండి, మందు అన్నీ ఆమె చేతి మీదుగానే. రిఫాత్ రాసిస్తాడు, ఆమె కొలిచి పోస్తుంది. శుక్రవారం సెలవైనా వస్తుంది. మొన్న ఈద్ నాడూ వచ్చింది.

"పండగ పూట కొడుకు దగ్గర ఉండక ఇక్కడేం పనమ్మా?" అన్నాడతను ఆ రోజు.

"ఆకలికి పండగేంటి బాబూ," అంది.

షౌకీ వెళ్లిపోయాడు. రిఫాత్ చేతులు కడుక్కుని తొడుగులు వేసుకున్నాడు.

"ఇటివ్వమ్మా. ఈసారి నేనే పోస్తాను."

ఆమె గిన్నెకి అడ్డంగా నిలబడింది. "ఇదొక్కటీ వదిలెయ్యండి బాబూ. పది చచ్చాయిగా."

"పదిమందికి పనిచేసిన మందు ఈ ఒక్క మనిషికి ఎందుకు పనిచెయ్యలేదో తెలియకుండా రోగికి ఎలా ఎక్కించను?" అతని గొంతు లేచింది. "పైన వార్డులో పధ్నాలుగేళ్ల కుర్రాడున్నాడు. వాళ్లమ్మ రోజూ మెట్ల మీద నన్ను ఆపి, మందెప్పుడొస్తుందని అడుగుతోంది. ఏం చెప్పమంటావు? మా ఉమ్ బాసిల్‌కి ఒక గడ్డ మీద జాలి కలిగింది, కాస్త ఆగండమ్మా అని చెప్పనా?"

ఆమె గిన్నె వంక ఒకసారి చూసింది. తర్వాత పక్కకి జరిగింది.

అతను ఫ్రిజ్ తెరిచి ముందు వరసలో ఉన్న సీసా అందుకున్నాడు.

"అది కాదు," అంది. చెయ్యి లోపలికంటా పెట్టి, వెనకనుంచి ఇంకోటి తీసి ఇచ్చింది. "ఇది పొయ్యండి."

రెండింటి మీదా ఒకటే చీటీ. రెండూ నీళ్లలాగే ఉన్నాయి. అతనికి అడిగే ఓపిక లేదు. కొలిచి పోశాడు.

"ఎన్నాళ్లు పడుతుంది?" అడిగిందామె.

"చస్తే మూడు రోజులు. నీకు తెలియనిదా?"

"దానికి నొప్పి తెలుస్తుందా?"

"ఆవగింజంత ముద్దకి నొప్పేంటమ్మా!" విసుక్కున్నాడు. "ఇంటికెళ్లు. కొడుక్కి ఇంత వండిపెట్టు."

ఆమె గిన్నె మీద మూత సరిచేసింది. వేళ్లు కాసేపు మూత మీదే ఉంచింది.

బుధవారం పొద్దున రిఫాత్ మైక్రోస్కోపులోకి చూశాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఏడో నంబరు పొడిపొడిగా రాలిపోయి ఉంది.

"చచ్చింది! ఉమ్ బాసిల్! చచ్చింది!"

పలికేవాళ్లు లేరు. మడతపెట్టిన ఆమె తెల్లకోటు కుర్చీ మీద ఉంది. రెండేళ్లలో ఆమె రాని రోజు అదే మొదటిది.

రిఫాత్ సంబరం అక్కడే ఆగింది. అదే మందు, అదే మోతాదు. ఎనిమిది నెలలు చావనిది ఇప్పుడెలా చచ్చింది? ఫ్రిజ్‌లో ముందు వరసలోని సీసా తీసి, ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పునీళ్లు.

పరీక్ష ముగిసింది. కవర్లు విప్పొచ్చు. ఏడోది చింపాడు.

'బాసిల్, వయసు పంతొమ్మిది, ఆపరేషన్ అయిన నాలుగో నాడు మరణం. ముక్క ఇవ్వడానికి సమ్మతి సంతకం: తల్లి.'