వీపు కొలత

అన్వరీ తన వీపు మీది సోరియాసిస్ మచ్చను ఎన్నడూ చూసుకోలేదు. దర్జీ పని చేసే భర్త సైదావలే నెలనెలా మచ్చ మీద పల్చటి కాగితం పరిచి, చుట్టూ గీసి, కత్తిరించి, బెజవాడ డాక్టరుకు చూపించి వచ్చేవాడు.

"తగ్గుతోందిలే" అనేవాడు. కాగితమూ చిన్నదవుతూ వచ్చింది.

ఈసారి దురద ఆగక తనూ వెళ్లింది. డాక్టరు ఆ కాగితాన్ని ఆమె వీపుకి ఆనించారు. చుట్టూ బెత్తెడు మచ్చ బయటే ఉంది.

"తగ్గకపోతే ఆస్పత్రిలో చేర్చాలన్నాను కదయ్యా" అన్నారు.

"రంజాను బట్టలు నెత్తి మీదున్నాయండీ. ఈవిడ చేరితే కాజాలెవరు కుడతారు?" సైదావలి గొణిగాడు.

"బట్టకైతే గీతకు బయట అంగుళం వదులుతారు" అంది అన్వరీ. డాక్టరు వైపు తిరిగింది.

"ఇకమీదట నర్సమ్మగారి చేత గీయించండి."